కోటయ్య గిత్తలూ, నా మారుతి కారూ

విమానాల దిబ్బ మీద జరిగిన పాత కార్ల పందెంలో మొదటి బహుమతి కొట్టింది నేనే. అప్పటికే నాకు డెబ్బై దాటాయి. నా వెనక వచ్చిన కుర్రాడికి మీసం కూడా సరిగ్గా మొలవలేదు. నా కారు ఎంత వేగంగా పోయిందంటే, దాని నీడ అందుకోలేక దారిలోనే కూలబడింది. సాయంత్రం వెళ్ళి తెచ్చుకున్నాను. నమ్మకపోతే మానండి. నేను చదివింది మా ఊరి బళ్ళో, అదీ ఐదో తరగతి దాకా. అక్కడ మా పంతులు నాకు నేర్పింది ఒక్కటే: చెప్పేదేదో గట్టిగా చెప్పు, తప్పొప్పులు తర్వాత చూసుకుందాం.

విమానాల దిబ్బ అంటే తెల్లదొరలు యుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికి మా ఊరి పక్కన పోయించిన సిమెంటు బాట. విమానాలు రావడం మానేశాయి. బాట మటుకు మాకు మిగిలిపోయింది. మా వాళ్ళు దాని మీద సైకిలు నేర్చుకున్నారు, పెళ్ళిళ్ళకి పందిళ్ళు వేశారు, ఎండాకాలం వస్తే మిరపకాయలు ఆరబోస్తున్నారు. బాట పక్కనే శివరాత్రి తిరునాళ్ళకి బండలాగుడు పందేలు జరిగే మైదానం. గిత్తల జతని పెద్ద రాతిబండకి కట్టి, ఇచ్చిన గడువులో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు.

ఆ బాట మీదికి ఒంగోలు కుర్రాళ్ళు కొందరు కొత్త సరదా ఒకటి తెచ్చారు. పాత, చౌక కారు ఒకటి కొనుక్కోవాలి. దాన్ని మన చేత్తో మనమే పీకి, కోసి, అతికి, పరుగుకి పనికొచ్చేట్టు మార్చుకోవాలి. తెచ్చి బాట చుట్టూ తిప్పాలి. గడియారం పట్టుకుని చూస్తారు. 'ట్రాక్ డే' అంటారట. ఈసారి తిరునాళ్ళ రోజునే పెడతామన్నారు, జనం ఉంటారని.

నేను నా మారుతి కారు తీసుకుని చూడ్డానికి వెళ్ళాను. దాని వయసు మా ఊరి సర్పంచి వయసంత. అందులో మిరప బస్తాలు మోశాను, మా ఆవిడ శేషారత్నం తరఫు చుట్టాలందరినీ మోశాను. ఏ బరువుకి ఎక్కువ వంగిందో చెప్పను, ఇంట్లో తిండి తినాలి కదా.

చెవికి పోగు పెట్టుకున్న కుర్రాడొకడు నా కారు చుట్టూ తిరిగి, "తాతా, ఇందులో పాలక్యాన్లు ఎన్ని పడతయ్?" అని అడిగాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, పందెంలో నా పేరు ఇచ్చి వచ్చాను.

కారు విప్పడానికి నాకు తోడు మా బావమరిది కోటయ్య. శేషారత్నం తమ్ముడు. కార్ల సంగతి అతనికేం తెలియదు. గిత్తల సంగతి మటుకు అతని తర్వాతే ఎవరైనా. పెళ్ళాం పోయిన దగ్గర్నుంచీ అతని లోకమంతా లక్ష్మన్న, భీమన్న. అవి గిత్తల పేర్లు. వాటికి ఉలవలు ఉడకబెట్టి, కోడిగుడ్లు కొట్టి పోసి, ఖర్జూరాలు పెట్టి, అవి నెమరేస్తుంటే చూస్తూ తను చద్దన్నం తినేవాడు. రాత్రి పడుకునేది కూడా కొట్టంలోనే, భీమన్న ఊపిరి తగిలేంత దగ్గర్లో.

"బండి తేలికైతే గిత్త ఉరుకుద్ది. కారైనా అంతే గదా బావా?" అన్నాడు కోటయ్య.

అంతే. వెనక సీటు పీకాం. దాన్ని శేషారత్నం వసారాలో వేయించుకుని వక్కపొడి నములుతూ కూర్చుంది. అదనపు చక్రం, కింద పరుపు, పైన గుడ్డ, తలుపుల లోపలి అట్టలు, అన్నీ పోయాయి. వాన పడే కాలం కాదని వైపర్లు కూడా తీసేశాం. ఇక గాలికి ఎగిరిపోతుందేమో అనుకునే సరికి కుర్రాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది: పల్టీ కొడితే మనిషి నలిగిపోకుండా లోపల ఇనప పంజరం ఉండాలి, లేకపోతే బాట ఎక్కనివ్వరు. మా దగ్గర ఉన్నవి పాత బోరు పైపులు. వాటినే కోసి, వంచి, వెల్డింగు చేయించాం. తర్వాత మిరప యార్డులో కాటా మీదకి ఎక్కిస్తే, విప్పక ముందు కంటే విప్పిన తర్వాతే కారు బరువెక్కువ తూగింది.

"ఇంక దీన్ని ఉరికించాలంటే నా గిత్తల్నే కట్టాల బావా," అన్నాడు కోటయ్య.

ఆ మాట అన్న రోజే అతని కూతురు హైమవతి తిరునాళ్ళకని వచ్చింది. కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. పాఠం చెప్పగా మిగిలిన పొద్దంతా ప్రయోగశాలలోనే. చిన్నప్పుడు నా కథలన్నీ నమ్మిన పిల్ల, సైన్సు చదివాక ఒక్కటీ నమ్మడం మానేసింది. అందుకని ఆ చదువంటే నాకు కొంచెం కోపం.

కాటా సంగతి విని హైమ పడీపడీ నవ్వింది. తర్వాత సంచిలోంచి అగరొత్తుల డబ్బా ఒకటి తీసింది. అందులో బెల్లం పాకంలాంటి జిగురు ముద్ద. దాన్ని రెండు ముక్కలు చేసింది. ఒకటి నీళ్ళబిందెకి అంటించి, దానికి బ్యాటరీ తీగలు రెండు తగిలించింది. రెండోదాన్ని ఎక్కడ పెట్టిందో నేను చూడలేదు.

"ఎత్తు మావయ్యా."

నిండు బిందె. వంగి, ఊపిరి బిగబట్టి ఎత్తబోయాను. అది దూదిపింజలా లేచి వచ్చింది. నేను వెనక్కి వెళ్ళి కోళ్ళగంప మీద పడ్డాను.

అదే క్షణంలో వసారాలోంచి కేక. "ఏందే ఇది! పొత్రం కదల్లా!" శేషారత్నం రోట్లో మినప్పప్పు రుబ్బుతోంది. రెండో ముక్క ఆ పొత్రానికి ఉంది.

హైమ తీగ పీకింది. నీళ్ళబిందె నా చేతుల్లోంచి జారి నా కాలి మీదే కూర్చుంది. పొత్రం మళ్ళీ తిరిగింది.

"బరువు ఎక్కడికీ పోదు మావయ్యా. ఈ ముక్క దగ్గర తగ్గింది ఆ ముక్క దగ్గర పెరుగుద్ది. ఇది తీసుకుంటది, అది మోస్తది."

"బిందె మొయ్యడం తప్పింది సరే, నా రెక్కలు పడిపోయినై గదే! ఇదేం సుఖం?" అంది శేషారత్నం భుజం నొక్కుకుంటూ.

"అదే అత్తా నా బాధ," అంది హైమ. మిరప గోడౌన్లలో హమాలీల నడుములు విరిగిపోవడం చూసి మొదలుపెట్టిందట ఆ పని. బస్తా తేలిక చెయ్యడం చేతనైంది. తీసిన బరువు ఎవరి నెత్తిన పెట్టాలో తేలక, కనిపెట్టింది ఎవరికీ చెప్పకుండా డబ్బాలో దాచిపెట్టింది. "బయటికి తెస్తే ఏమవుద్ది? డబ్బున్నోడి బస్తా తేలికవుద్ది. ఎక్కడో లేనోడి బస్తా బరువవుద్ది."

నేను ఆ మాట విన్నాను. విన్నానే కానీ, నా చూపు మటుకు పెరట్లో ఉన్న కారు మీదే ఉంది.

"హైమా, కారుకి అంటించి చూద్దామా?"

ఒద్దు అనాల్సిన పిల్ల అనలేదు. దాని కళ్ళలోనూ అదే మెరుపు. ఎన్నాళ్ళుగానో చిన్న చిన్న తూకపు రాళ్ళతో ఆడుకుంటున్న పిల్లకి ఒక్కసారి పెద్దది చూడాలని ఉండదూ?

ఒక ముక్క కారు కింద అంటించాం. తీగల మధ్య మా నడవలో ఫ్యాను రెగ్యులేటరు ఊడదీసి పెట్టాం, ఎంత కావాలంటే అంత తిప్పుకోవచ్చని. రెండో ముక్క రోటికి పెట్టాం, అంతకంటే గట్టిది ఇంట్లో లేదు కాబట్టి. నేను రెగ్యులేటరు నాలుగుకి తిప్పాను. కోటయ్య ఒంటిచేత్తో కారు ముందు భాగం పైకెత్తి, "ఓరి నాయనో, లేగదూడ!" అన్నాడు. వసారాలో మా రోలు నిమ్మళంగా నేలలోకి దిగిపోయింది, ఎవరో కిందనుంచి పిలిచినట్టు. అంచు మటుకే పైన మిగిలింది. శేషారత్నం ఆ రోజు ఆడిన మాటలు రాస్తే ఈ పుస్తకం అచ్చు వేయరు.

హైమ నాకు ఒకటే షరతు పెట్టింది. "రెండో ముక్క పెట్టే చోటు నువ్వే చూసుకో. ఎవరిదీ కానిదై ఉండాల. ఎవరూ ముట్టుకోనిదై ఉండాల. ప్రాణమున్నదేదీ దాని కిందా పైనా ఉండకూడదు. నా మీద ఒట్టెయ్ మావయ్యా."

ఒట్టేశాను. చోటు కూడా నాకు అప్పుడే తట్టింది. బండలాగుడు మైదానం అంచున పాత బండ ఒకటి పడి ఉంది. ఈ ఏడు కమిటీ వాళ్ళు క్వారీ నుంచి కొత్త బండ తెప్పించారు. పాతదాన్ని ఇక ఎవరూ కన్నెత్తి చూడరు. ఏనుగు ఎక్కినా దిగబడని రాతినేల.

తిరునాళ్ళ తెల్లవారుజామున వెళ్ళి ముక్క దానికి అంటించాను. పొద్దెక్కేసరికి మేకలు నాకుతాయేమో, పిల్లలు గిల్లుతారేమో అని గుబులు పట్టుకుంది. అప్పుడు నా బుర్రకి ఒక ఉపాయం తోచింది. శేషారత్నం పూజ పళ్ళెంలోంచి పసుపు, కుంకుమ తెచ్చి బండ నిండా పూశాను, జిగురు కనబడకుండా. బొట్టు పెట్టిన రాయిని మా ఊళ్ళో ఎవరూ గిల్లరు, మేకని కూడా దగ్గరికి రానివ్వరు. నా తెలివికి నేనే మురిసిపోతూ కారెక్కాను.

మీరు మా వైపు వాళ్ళయితే ఈపాటికి నుదురు కొట్టుకుని ఉంటారు. మా వైపు వాళ్ళు కానివాళ్ళ కోసం చెబుతాను. పందెంలో లాగే బండకి ముందు పూజ చేస్తారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే గొలుసు తగిలిస్తారు. కమిటీ వాళ్ళు ఆలస్యంగా వచ్చారు. చూస్తే కొత్త బండ ఒట్టిగా ఉంది, పాత బండ పచ్చగా మెరిసిపోతోంది. "మన కమిటీ పెద్దాయన అప్పుడే పూజ కానిచ్చాడు, పాతదే ఖాయం చేసినట్టున్నాడు," అనుకున్నారు. కొబ్బరికాయ కొట్టి, ట్రాక్టరుతో మైదానం మధ్యకి లాగి పెట్టారు.

నేను అప్పటికి బాట మీద ఉన్నాను, తలకి హెల్మెట్టు, దాని కింద తుండుగుడ్డ. నాకేం తెలుసు?

జెండా ఊపారు. నేనూ, చెవిపోగు కుర్రాడూ కలిసి బయల్దేరాం. మొదట అతనే ముందు. తిన్నటి బాట రాగానే నేను రెగ్యులేటరు తిప్పాను. ఒకటి. రెండు. కారుకి ఒళ్ళు విరుచుకున్నట్టయింది. నాలుగు. ఇంజను అదే, చక్రాలు అవే, మోసే బరువు లేదు. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. కుర్రాడి కారు పక్కనుంచి పోతుంటే అతని నోరు తెరుచుకుని ఉండటం చూశాను. సిమెంటు అతుకుల దగ్గర కారు ఎగిరి, మళ్ళీ దిగాలా వద్దా అని ఆలోచించుకుని దిగుతోంది.

పక్క మైదానంలో మైకు మోగుతోంది. "కోటయ్యగారి జత కాడి కట్టింది! లక్ష్మన్న, భీమన్న... అదిగో కదిలినై... ఓ! ఆగినై! ఏందయ్యా, ఆగినై!"

మలుపు వచ్చింది. అంత తేలిక కారు మలుపులో గాలికి లేచిపోతుంది, అందుకని ఒకటికి తగ్గించాను. తగ్గించగానే ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని ఆపినట్టు కారు నెమ్మదించింది.

"కదిలినై! మళ్ళీ కదిలినై! శభాష్ భీమన్నా!"

మలుపు దాటాను. నాలుగు.

"ఆగినై! ఇదేం మాయ!"

మూడోసారి అలాగే అయ్యేసరికి నా చేతికీ ఆ మైకుకీ ఏదో చుట్టరికం ఉందని అనుమానం తగిలింది. మెడ తిప్పి మైదానం వైపు చూశాను. జనం మధ్యలో పచ్చగా, నా చేత్తో నేను పసుపు పూసిన బండ. దాని ముందు రెండు తెల్లటి వీపులు. వాటి పక్కన కోటయ్య, చర్నాకోల పారేసి, భీమన్న మెడ చుట్టూ చేతులు వేసి తనే లాగుతున్నాడు.

"భీమన్న మోకాళ్ళ మీద పడ్డాడు! కోటయ్యా, కాడి తియ్యి! అరె, మెడకి పట్టెడ బిగుసుకుంది, ఎవరన్నా కత్తి తెండయ్యా!"

నా ముందు, కూతవేటు దూరంలో, సున్నంతో గీసిన గెలుపు గీత. కుర్రాడు ఎక్కడో వెనక. నేను ఉన్న వేగంలో ఒక్కసారి మొత్తం బరువు కారు మీదికి తెస్తే ఏమవుతుందో హైమకి కూడా తెలియదు. నాకు తెలిసింది ఒకటే, ఆ గీత చేరేదాకా నేను పట్టుకున్న ప్రతి క్షణమూ భీమన్న మెడ మీద ఉంటుంది.

సున్నాకి తిప్పేశాను.

కారు మీద ఆకాశం పడ్డట్టయింది. వేగం సగానికి సగం చచ్చింది. మిగతా సగం మటుకు ఏ వైపు పోవాలో నన్ను అడగలేదు. కారు పక్కకి తిరిగి, గీతని వదిలేసి, తిన్నగా మిరపకాయల రాశిలోకి దూరింది. బోరు పైపులు ఘల్లుమన్నాయి. నా చుట్టూ లోకమంతా ఎర్రబడింది.

మొదట్లో మొదటి బహుమతి అన్నాను కదూ? అదేం లేదు. ఆఖరు కూడా కాదు, ఎందుకంటే ఆఖరున రావాలన్నా గీత దాటాలట. కారు నీడ కూడా కారుతోపాటే మిరపకాయల్లో దూరింది, దాన్ని నేను విడిగా తెచ్చుకోలేదు. బహుమతి చెవిపోగు కుర్రాడికి ఇచ్చారు. అతను అది తీసుకునేటప్పుడు ఎడతెరిపి లేకుండా తుమ్మాడు. మిరపఘాటుకి తిరునాళ్ళంతా తుమ్మింది. దేవుడి ఉత్సవ విగ్రహం కూడా తుమ్మిందని పూజారి చెప్పాడు. ఆ మాట నాది కాదు, ఆయనది.

నేను కారులోంచి పాక్కుంటూ బయటపడి, కళ్ళు మండుతుంటే మైదానంలోకి పరిగెత్తాను. అక్కడ బండ లేదు, గిత్తలూ లేవు. బరువు పోయిన క్షణంలో భీమన్న ఒక్క ఊపున లేచాడట. బండతో సహా గిత్తలు రెండూ హద్దు తాడు దాటి, జనాన్ని చీల్చుకుని, జీళ్ళ అంగడి దగ్గర ఆగాయి. కోటయ్య వాటి మెడలు పట్టుకుని నిలబడ్డాడు. భీమన్న మోకాళ్ళు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. హైమ బండ మీద పడి గోళ్ళతో జిగురు గీకుతోంది. గీకుతూ ఏడుస్తోంది. నాకంటే ముందే దానికి అర్థమైంది.

"నాన్నా, నా వల్లే," అంది.

"నా వల్ల," అన్నాను నేను. తర్వాత జరిగిందంతా చెప్పాను, తుమ్ములు తీసేస్తే సూటిగానే.

కోటయ్య పంచె చింపి భీమన్న మోకాళ్ళకి కట్టు కట్టాడు. ఎముకలు తడిమి చూశాడు. ఏదీ విరగలేదు. అప్పుడు లేచి, నా వైపు చూడకుండా హైమతో అన్నాడు: "హమాలీల కోసం చేశానంటివి గదమ్మా. మోసేవోణ్ణి అడక్కుండా మోపితే ఇట్టాగే ఉంటది."

హైమ తల ఊపింది. మిరపకాయల్లో ఉన్న కారు కింది ముక్క కూడా పీక్కొచ్చి, రెండింటినీ దగ్గరికి తెచ్చి గట్టిగా అదిమింది. రెండూ కలిసి ఒకే ముద్దయిపోయాయి. మోయడానికి రెండో ముక్క లేకపోతే బరువు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

"మళ్ళీ విరవ్వా?" అన్నాను.

"మోస్తానని ఒప్పుకునేది దొరికేదాకా విరవను."

"సముద్రం మీద పెడితే? అంత పెద్దది గదా."

"సముద్రాన్ని అడిగి రా మావయ్యా, అప్పుడు చూద్దాం."

గిత్తల్ని తోలుకుని ఇంటికి బయల్దేరిన కోటయ్య టక్కున ఆగాడు. "బావా. నా గిత్తలు కదిల్చినప్పుడు ఆ బండ మీద ఎంతుంది?"

"కారు బరువులో కొంత. మలుపుల్లో ఒకటి మీదే పెట్టాగా."

"కారంటే, ఆ బోరు పైపులతో సహానా?"

"ఆ, వాటితో సహా."

"లోపల నువ్వు?"

"నేను లేకుండా కారెట్టా పోద్ది?"

కోటయ్య మొహం మెల్లగా విచ్చుకుంది. తిన్నగా వెళ్ళి మైకు లాక్కున్నాడు. "వినండయ్యా! నా గిత్తలు ఆగినయ్యని నవ్వినోళ్ళు వినండి! బండనీ, మారుతి కారునీ, కారులో కూసున్న మా బావనీ ఏకంగా లాగినయ్! ఏ ఊళ్ళో ఏ జతైనా బావమరిది బావని లాగిందేమో చెప్పండి!"

కమిటీ వాళ్ళు కూడబలుక్కున్నారు. పందెం లెక్కలో బండ ఉంది గానీ బావ లేడని, బహుమతి ఇవ్వలేమని తేల్చారు. కోటయ్యకి దాని పట్టింపు లేదు. ఇప్పటికీ టీకొట్టు దగ్గర ఆ కథ నాకంటే బాగా చెబుతాడు. కారు బరువు అతని నోట్లో ఏటేటా పెరుగుతోంది. కిందటి శివరాత్రికి లారీ అయింది.

మర్నాడు పొద్దున్నే నేను ఖర్జూరాలు కొనుక్కుని కొట్టానికి వెళ్ళాను. భీమన్న కట్టుతో పడుకుని ఉన్నాడు. పక్కన కూర్చుని, గంగడోలు దువ్వి, "తప్పయిపోయింది రా," అన్నాను. నా వైపు చూశాడు. చూసి, గరుకు నాలుకతో నా చెయ్యి ఒక్కసారి నాకాడు. నేను మిరపకాయల్లో కూడా అంత ఏడవలేదు.

జిగురు నమ్మండి, నేలలోకి దిగిన రోలు మా వసారాలో ఉంది, వచ్చి చూసుకోండి. దేవుడి తుమ్ముకి పూజారి పూచీ. ఇందులో నేను కల్పించింది ఆ నాకడం ఒక్కటే. ఖర్జూరాలు లక్ష్మన్న తిన్నాడు. భీమన్న నా చెయ్యి వాసన చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మోకాళ్ళు మానాయి, మళ్ళీ పందేలకి వెళ్ళొచ్చాడు, ఊళ్ళో పిల్లలందరి చేతా మెడ గోకించుకుంటాడు. నేను కనబడితే మటుకు ఇప్పటికీ గోడవైపే. రోజూ వెళుతున్నాను. ఖర్జూరాలు మాని ఈమధ్య బెల్లం పట్టుకెళుతున్నాను.